ఎలాగోలా నడిస్తే చాలదు

క్లస్టర్ మీద పైథాన్ పని మొదలుపెట్టే విద్యార్థికి మన ల్యాబుల్లో ముందుగా దొరికే సలహా: "ఏదో ఒకలా ఇన్‌స్టాల్ చేసెయ్, ముందు రిజల్ట్ రానీ." ఎన్విరాన్‌మెంట్ సర్దుకోవడం గుమాస్తా పనట, అసలు సైన్స్ దాని తర్వాతనట. ఇది తప్పుడు నమ్మకం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు జనం రక్తపరీక్షల లెక్కలు చేసేటప్పుడైతే అన్యాయం కూడా.

ఆ ఊళ్లున్న ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇప్పటికీ తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. వచ్చిన బృందమల్లా నమూనాలు పట్టుకెళ్లింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఇక లెక్కలు ఇంకా పెరుగుతాయి.

ఆ లెక్కల్లో ఒకటి చూడండి. రక్తంలో క్రియాటినిన్ ఎంతో, వయసెంతో, ఆడో మగో చూసి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం అంచనా) కడతారు. అది 60కి దిగువన మూడు నెలలు దాటి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. దీనికి వాడే సీకేడీ-ఎపి సూత్రం 2009లో ఒకటి వచ్చింది, 2021లో ఇంకొకటి. అదే రక్తానికి రెండోది మనవాళ్లకు కాస్త ఎక్కువ అంకె ఇస్తుంది. పాత సూత్రంలో 58 వచ్చిన కొబ్బరితోట కూలీకి కొత్తదాంట్లో 60 దాటవచ్చు, రోగుల జాబితాలోంచి పేరు జారిపోవచ్చు. ఏ సూత్రం వాడాలో లైబ్రరీ డిఫాల్ట్‌కు వదిలేసి, ఆ లైబ్రరీ ఏ వెర్షనో ఎక్కడా రాసుకోకపోతే, కవిటిలో రోగులు పెరిగారో తగ్గారో ఎవరు చెప్పగలరు?

ఇది ఊరికే భయపెట్టడం కాదు. 2014లో ప్రచురించిన కొన్ని పైథాన్ స్క్రిప్టులను రసాయన శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాడారు. ఆపరేటింగ్ సిస్టమ్ మారితే అవి ఫైళ్లను వేరే వరసలో చదివి వేరే జవాబు ఇస్తున్నాయని 2019లో హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు కనిపెట్టారు. వందకు పైగా పరిశోధన పత్రాలు అనుమానంలో పడ్డాయి. ఎర్రర్ మెసేజ్ రాలేదు, ప్రోగ్రామ్ ఆగలేదు. "నడుస్తోంది కదా" అనేవాళ్లు ఈ ఒక్క సంగతైనా గుర్తుపెట్టుకోవాలి.

క్లస్టర్ మీద ప్రమాదం ఇంకా ఎక్కువ. స్లర్మ్ క్యూలో వేసిన జాబ్ ఎన్విరాన్‌మెంట్‌లోని ప్యాకేజీలను వేసినప్పుడు చదవదు, తన వంతు వచ్చి మొదలైనప్పుడు చదువుతుంది. ల్యాబ్ మొత్తానికీ ఒకటే ఎన్విరాన్‌మెంట్ ఉంటే, వెయ్యి ముక్కల జాబ్‌లో సగం అయ్యాక పక్కవాడు ఒక ప్యాకేజీ అప్‌గ్రేడ్ చేశాడంటే, మిగతా సగం వేరే కోడ్‌తో నడుస్తుంది. ఫలితాలన్నీ ఒకే ఫోల్డర్‌లో చేరతాయి. యూజర్ ఇన్‌స్టాల్ మరీ చేటు: పిప్ ప్యాకేజీలను హోమ్ డైరెక్టరీలోని డాట్ లోకల్ ఫోల్డర్‌లో పెడుతుంది, అవి అదే పైథాన్ వెర్షన్‌తో కట్టిన కాండా ఎన్విరాన్‌మెంట్లలోకీ చడీచప్పుడు లేకుండా దూరతాయి.

అవతలివాళ్ల మాటలో కొంత నిజముంది. పీహెచ్‌డీకి గడువుంటుంది. కాండా ఎన్విరాన్‌మెంట్ ఒక్కోటి వేల కొద్దీ చిన్న ఫైళ్లతో కోటా తినేస్తుంది, అందరూ వాడే ఫైల్ సిస్టమ్‌నూ నెమ్మది చేస్తుంది. అందుకు మందు అప్టైనర్: ఎన్విరాన్‌మెంట్ అంతా ఒకే ఫైల్‌గా మారుతుంది, నడిచేటప్పుడు ఎవరూ మార్చలేరు. నేర్చుకోవడానికి కొంత సమయం పడుతుంది, పట్టనీయండి. సూపర్‌కంప్యూటింగ్ మిషన్‌కు 2015లో 4,500 కోట్లు కేటాయించిన దేశం, విద్యార్థికి ఆ కాస్త సమయం ఇవ్వలేదా?

ప్రతి పనికీ వేరే ఎన్విరాన్‌మెంట్ ఉండాలి. ఖచ్చితమైన వెర్షన్లున్న లాక్ ఫైల్ కోడ్‌తో పాటే గిట్‌లో ఉండాలి. పత్రం మీద గైడ్ సంతకం పెట్టేముందు ఆ ఫైల్‌ను వేరే విద్యార్థికిచ్చి, కొత్త ఫోల్డర్‌లో మొదటినుంచీ నడిపించాలి. అంకె మారితే, ఎందుకు మారిందో తేలేదాకా పత్రం ఆగాలి.