రనౌట్ అయింది డిస్క్ కాదు, హబ్!

రనౌట్ అనగానే మనందరికీ క్రికెట్టే గుర్తొస్తుంది. మొన్న సంక్రాంతి సెలవుల దాకా నాకూ అంతే. బండి చక్రాలు కూడా రనౌట్ అవుతాయని, దాని వల్ల నా ఫీజు లేటవుతుందని అప్పుడే తెలిసింది.

మా నాన్న సొంత కారుని అద్దెకి తిప్పుతారు. కిందటేడు ఆ కారుకి ఒక జబ్బు మొదలైంది. 80 స్పీడులో బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణికేది, పెడల్ కాలి కింద కొట్టుకునేది. మెకానిక్ చూసి "డిస్కులు వంకరపోయాయి" అన్నాడు. కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేశాడు. కొన్ని వేల కిలోమీటర్లు బాగానే తిరిగింది. తర్వాత మళ్ళీ అదే వణుకు, మళ్ళీ కొత్త డిస్కులు. ఆ రెండోసారి పెట్టిన డబ్బు నా సెకండియర్ ఫీజు కోసం దాచింది. ఫైన్‌తో కట్టాం.

మూడోసారి వణుకు వచ్చినప్పుడు నాన్నతో నేనూ ఆటోనగర్ వెళ్ళాను. ఈసారి వేరే షెడ్డు. అక్కడి పెద్దాయన ఏ స్పేర్ పార్టూ తెమ్మనలేదు. ముందు బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని పైన కింద పట్టుకుని ఊపి బేరింగ్ లూజుందేమో చూశారు. తర్వాత డిస్క్ విప్పి, హబ్ ముఖం మీద తుప్పుని ఎమరీ పేపర్‌తో శుభ్రంగా రుద్దారు. "తుప్పు మీద పెట్టి కొలిస్తే తుప్పునే కొలిచినట్టు బాబూ" అన్నారు. అప్పుడు మాగ్నెట్ స్టాండ్‌ని తిరగని భాగానికి అంటించి, డయల్ గేజ్ మొనని హబ్ ముఖం అంచుకి నిటారుగా ఆనించి, ముల్లుని సున్నాకి తెచ్చి, హబ్‌ని చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పారు.

ఎడమ చక్రం దగ్గర ముల్లు రెండు గీతలు కదిలింది. కుడి చక్రం దగ్గర తొమ్మిది. ఒక్కో గీత 0.01 మిల్లీమీటర్, అంటే 0.09. ఏ బండి లెక్క ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది కానీ, చాలా కార్లకి హబ్ దగ్గర 0.05 చుట్టుపక్కలే హద్దు.

"ఒక వెంట్రుక మందమే కదా, దానికింత గొడవా?" అనుకున్నాను. కానీ లెక్క వేస్తే అర్థమైంది. ఆయన కొలిచింది మధ్య నుంచి ఆరున్నర సెంటీమీటర్ల దూరంలో. డిస్క్ అంచు పదమూడు సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. దూరం రెట్టింపైతే ఊగుడూ రెట్టింపు, అంటే 0.18. బ్రేక్ తొక్కకపోయినా ప్రతి చుట్టులో డిస్క్ ఒకే చోట ప్యాడ్‌కి రాసుకుంటుంది. అక్కడ కొంచెం కొంచెం అరిగి పల్చబడుతుంది. ఆ మందం తేడానే బ్రేక్ తొక్కినప్పుడు పెడల్‌లో కొట్టుకుంటుంది. అరగడానికి టైం పడుతుంది కాబట్టే ప్రతిసారీ కొత్త డిస్కు కొన్నాళ్ళు బాగున్నట్టు అనిపించింది.

ఆయన ఇంకో పని కూడా చేశారు. డిస్క్‌ని నట్లతో గట్టిగా బిగించి కొలిచి, ఎత్తుగా ఉన్న చోట సుద్దతో గుర్తు పెట్టారు. తర్వాత డిస్క్‌ని ఒక బోల్టు పక్కకి జరిపి మళ్ళీ కొలిచారు. ఎత్తు డిస్క్‌తో పాటు జరిగితే తప్పు డిస్క్‌ది. హబ్‌తోనే ఉండిపోతే హబ్‌ది. మాకు హబ్‌తోనే ఉండిపోయింది. ఒకసారికి ఒక్కటే మార్చి చూడు అని మనకి డీబగ్గింగ్‌లో చెప్పేది ఇదే కదా!

హబ్, బేరింగ్ మార్చి మళ్ళీ కొలిస్తే 0.02. ఖర్చు ఒక జత డిస్కుల కంటే తక్కువే అయింది.

మొదటి మెకానిక్ మోసగాడని నేను అనను. కొలిచినందుకు డబ్బు అడిగితే మా నాన్నే ముందు గొడవపడేవారు. కొత్త పార్టు కంటికి కనిపిస్తుంది కాబట్టి దానికి మనం డబ్బిస్తాం. కొలతకి ఇవ్వం. అందుకే కొలిచేవాళ్ళు తగ్గిపోయి, మార్చేవాళ్ళు పెరిగారు.

నేనూ తక్కువేం కాదు. మినీ ప్రాజెక్టులో పేజీ లోడవ్వడానికి ఆరు సెకన్లు పడుతోందని రెండు రాత్రులు కూర్చుని డేటాబేస్ మొత్తం మార్చేశాను. అయినా ఆరు సెకన్లే. చివరికి ప్రొఫైలర్ పెడితే, ఒక క్వెరీ లూప్ లోపల ఉండిపోయిందని తేలింది. ఒక్క లైన్ బయటికి తీస్తే సరిపోయింది. ఆటోనగర్‌లో డిస్కులు మార్చినట్టే నేను డేటాబేస్ మార్చాను.

ఫస్టియర్ వర్క్‌షాప్‌లో "సీఎస్ఈ వాళ్ళకి ఇవన్నీ ఎందుకు?" అని గొణిగిన వాళ్ళలో నేనే ఫస్టు. డయల్ గేజ్ బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నాను. అసలు గేజ్‌ని మాత్రం అద్దాల బీరువాలోనే చూశాను. మన సార్లకి నా రిక్వెస్ట్ ఒక్కటే. ఆ బీరువా తాళం తీయించండి. సెమిస్టర్‌లో ఒక్క ల్యాబ్ రోజైనా, అన్ని బ్రాంచీల వాళ్ళ చేతా నిజమైన చక్రాన్ని కొలిపించండి.

ఫ్రెండ్స్, మీకు కూడా ఒక మాట. ఇంట్లో ఎవరి బండైనా బ్రేక్ తొక్కితే వణుకుతోందంటే, డిస్కులు కొనే ముందు మెకానిక్‌ని "హబ్ కొలిచారా అన్నా?" అని అడగండి. ఆయన కొలిస్తే, ఏ పార్టూ మార్చకపోయినా సరే, అడిగిన డబ్బు బేరమాడకుండా ఇవ్వండి.