జనవరిలో ఎక్కేవాళ్ల కోసం నడిచే ఓడ



గ్రీసు దేశానికి గుంపుగా పోదామని మన సంఘంలో కొంతమంది అనుకుంటా ఉన్నారు. పోయిన సంవత్సరం మేము ఇద్దరం పొయ్యొచ్చినాం కాబట్టి మమ్మల్ని అడిగినారు. "క్రూజ్ షిప్పు అయితే ఒకటే గది, పెట్టెలు మాటిమాటికీ మోయనక్కర లేదు, రోజుకొక దీవి చూపిస్తారు. పెద్దవాళ్లకు అదే మేలు కదా?" అని ప్రశ్న. ఫోన్లో ఒక్క మాటలో చెప్పే సంగతి కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. ఎప్పటిలాగే మా రాత పొడుగు. ఓపికగా చదవండి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. క్రూజ్ వద్దు. ఆ ఊరివాళ్లు ఎక్కే ఫెర్రీ ఎక్కండి. దీవులు రెండు చాలు. డబ్బు మిగులుతుందని చెప్పడం లేదు. ఆ ఫెర్రీ ఎవరి కోసం నడుస్తుందో తెలుసుకుంటే, మనలాంటి వాళ్లకు అందులో నేర్చుకోవలసినది ఒకటి ఉంది.

మొదట ఆ ఓడల సంగతి. గ్రీసులో జనం కాపురం ఉండే దీవులు 200 పైచిలుకు. వాటిలో చాలావాటికి విమానాశ్రయం లేదు. ఓడ వస్తేనే రాకపోకలు. ఆ ఓడలకు పెద్ద జంక్షను ఏథెన్సు పక్కనున్న పిరేయస్ రేవు. ఏథెన్సు నుంచి పిరేయస్‌కు 1869లోనే రైలు వేసినారు. మన రాయపురం స్టేషనుకు పదమూడేళ్లు చిన్నది. ఇప్పటికీ అదే దారిలో మెట్రో ఒకటవ లైను నడుస్తుంది. 2022 నుంచి మూడవ లైను కూడా విమానాశ్రయం నుంచి నేరుగా పిరేయస్ దాకా వస్తుంది. రైలు దిగి రోడ్డు దాటితే రేవు. ప్లాట్‌ఫారాలకు నంబర్లు ఉన్నట్టు రేవు గేట్లకు కూడా నంబర్లు ఉంటాయి. ఈ గేటుకూ ఆ గేటుకూ మధ్య దూరం ఎక్కువ కాబట్టి, టిక్కెట్టు మీద ఏ గేటు ఉందో ముందే చూసుకోవాలి.

ఓడ వెనక భాగం తలుపులా కిందికి వాలుతుంది. లారీలు, కార్లు, మనుషులు అందరూ ఆ దారిలోనే లోపలికి పోవాలి. పెట్టెలు పెట్టే అరల మీద దీవుల పేర్లు రాసి ఉంటాయి. మనం దిగే దీవి పేరున్న అరలో పెట్టేసి మెట్లెక్కి పైకి పోవడమే. దీవి దగ్గర పడగానే గ్రీకులోనూ ఇంగ్లీషులోనూ చెప్తారు. అప్పుడు కిందికి దిగి సిద్ధంగా నిలబడాలి. చిన్న రేవుల్లో ఓడ నిలిచేది కొన్ని నిమిషాలే. తలుపు వాలుతుంది, దిగేవాళ్లు దిగుతారు, ఎక్కేవాళ్లు ఎక్కుతారు, తలుపు లేస్తుంది, ఓడ కదులుతుంది. జీవితమంతా రైల్వేలో గుమాస్తా పని చేసిన వాళ్లం కదా, ఆ హాల్టింగ్ టైమ్ చూసి మాకు ముచ్చట వేసింది. మా రైల్వే భాషలో చెప్పాలంటే అది ప్యాసింజరు బండి, పార్సిల్ వ్యాను, గూడ్సు బండి మూడూ కలిసిన ఒకే బండి.

ఇందులో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి పెద్ద మామూలు ఓడ, రెండోది హైస్పీడు. పిరేయస్ నుంచి సాంటోరిని పోవడానికి మామూలు ఓడకు సుమారు ఎనిమిది గంటలు, హైస్పీడుకు సుమారు ఐదు గంటలు పడుతుంది. హైస్పీడు టిక్కెట్టు ధర ఎక్కువ. ఎక్కువ భాగం వాటిలో బస్సులో లాగా లోపలే కూర్చోవాలి. మామూలు ఓడలో అయితే పైన డెక్కు మీద గాలికి కూర్చోవచ్చు, నడవవచ్చు, కాఫీ తాగవచ్చు. క్రీటు దీవికి పోయే ఓడ రాత్రి పిరేయస్‌లో బయలుదేరి తెల్లవారేసరికి చేరుస్తుంది. బెర్తు దొరికిన రాత్రి రైలు లాంటిదే. జులై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరపు గాలి గట్టిగా వీస్తుంది. దాన్ని మెల్టెమి అంటారు. గాలి హద్దు దాటితే కోస్టుగార్డు ఓడలను రేవులోనే ఆపేస్తుంది. ముందు ఆగేవి చిన్న ఓడలు, హైస్పీడులు. పెద్ద మామూలు ఓడ వాటి తరువాతే ఆగుతుంది. అందుకే మా ఓటు మెల్లగా పోయే పెద్ద ఓడకే.

ఇక అసలు సంగతికి వస్తాం.

నాక్సస్ అని ఒక పెద్ద దీవి. దాని పక్కన ఇరాక్లియా, స్కినూసా, కూఫోనీసియా, దొనూసా అని చిన్న దీవులు ఉన్నాయి. ఒక్కొక్క దానిలో జనం వందల లెక్కలోనే. ఏ ఒక్కదానికీ విమానాశ్రయం లేదు. స్కోపెలీటిస్ అనే చిన్న ఓడ నాక్సస్ నుంచి వీటిని వరుసగా తాకుతూ అమోర్గోస్ దాకా పోయి వస్తుంది. మేము అందులో ఎక్కినాం. బాగా ఊగుతుంది, ఆ మాట దాచం. మాతో పాటు సామాను ఏమేమి ఎక్కిందో చూస్తా కూర్చున్నాం. కూరగాయల పెట్టెలు, నీళ్ల సీసాల కట్టలు, ఒక వాషింగ్ మిషను, పేరు రాసిన చిన్న చిన్న పొట్లాలు. ఒక్కొక్క రేవులో ఒకరో ఇద్దరో వచ్చి, ఓడవాళ్లను పేరు పెట్టి పలకరించి, తమ పొట్లం తీసుకుపోయినారు. మాలాంటి యాత్రికులు ఆ ఓడలో అదనపు లెక్క మాత్రమే.

మనం పోయేది మే నెలలోనో సెప్టెంబరులోనో. ఆ ఊరివాళ్లకు జనవరి కూడా ఉంటుంది. జనవరిలో హోటళ్లు మూసి ఉంటాయి, యాత్రికులు ఉండరు, సముద్రం మంచిగా ఉండదు. టీచరు బడికి పోవాలన్నా, ముసలాయన డాక్టరు దగ్గరకు పోవాలన్నా, అంగట్లోకి పాలు రావాలన్నా ఆ ఓడ రావాలి. టిక్కెట్లు అమ్మిన డబ్బు చూస్తే ఆ ట్రిప్పుకు ఇంధనం ఖర్చు కూడా రాదేమో. అయినా ఓడ నడవాలి.

ఇలాంటి లైన్లకు గ్రీకు భాషలో "ఆగొని గ్రమ్మి" అని పేరు. పంట పండని లైను, బీడు లైను అని అర్థం. లాభం చూసుకునే ఏ కంపెనీ కూడా తనంతట తాను అక్కడికి ఓడ వెయ్యదు. కాబట్టి ప్రభుత్వం టెండరు పిలిచి, వారానికి ఇన్నిసార్లు పోవాలి అని షరతు పెట్టి, ఆ కంపెనీకి డబ్బు కడుతుంది. యూరోపియన్ యూనియన్ 1992లో చేసిన నిబంధన కూడా దీవుల విషయంలో ఇలాంటి ఒప్పందాలను ఒప్పుకుంటుంది. తూర్పు కొసలో కాస్టెలోరిజో అనే దీవి ఉంది. అక్కడి నుంచి టర్కీ తీరం సుమారు రెండు కిలోమీటర్లు. పిరేయస్ నుంచి అయితే ఓడలో దాదాపు ఒక పగలు, ఒక రాత్రి. జనం వందల లెక్కలోనే. ఆ కొద్దిమంది కోసం అంత దూరం ఓడ పోతుంది.

2018లో ఇంకొక మంచి పని చేసినారు. దీవివాసి సముద్రం మీద ఇన్ని కిలోమీటర్లు పోతే, అంతే దూరం నేల మీద బస్సులోనో రైల్లోనో పోయినవాడికి ఎంత ఖర్చు అవుతుందో చూస్తారు. ఓడకు అంతకంటే ఎక్కువ అయితే, ఆ తేడాను ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. సముద్రం అడ్డుండడం ఆ మనిషి తప్పు కాదు, దానికి వాడు ఎందుకు ఎక్కువ కట్టాలి అన్నదే ఆ లెక్క. మేము ఉద్యోగంలో చార్జీల పట్టికలు ఎన్నో చూసినాం. ఇంత న్యాయంగా ఆలోచించిన చార్జీ లెక్క అరుదు.

దీనికి ఎదురు మాట చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాట కూడా వినాలి. "కొద్దిమంది కోసం అందరి పన్ను డబ్బు ఎందుకు? పోటీ పెడితే మంచి ఓడలు వస్తాయి" అంటారు. అందులో కొంత నిజం ఉంది. వేసవిలో సాంటోరిని, మైకొనోస్ లాంటి దీవులకు కొత్త ఓడలు, వేగం ఓడలు వచ్చింది పోటీ వల్లనే. పాత రోజుల్లో పాత ఓడలతోనే లాగించిన సంగతి కూడా మరిచిపోకూడదు. 2000 సెప్టెంబరు 26న ఎక్స్‌ప్రెస్ సామినా అనే ఓడ పారోస్ దీవి దగ్గర, దీపం వెలుగుతున్న బండరాళ్లకే గుద్దుకుని మునిగిపోయింది. అది 1966లో కట్టిన ఓడ. 80 మందికి పైగా చనిపోయినారు. ఆ రాత్రి గాలిలో పారోస్ చేపలవాళ్లు తమ చిన్న పడవలు వేసుకుని పోయి ఎంతోమందిని బతికించినారు. కాబట్టి ఓడ నడిపితే చాలదు, మంచి ఓడ నడపాలి, తనిఖీ గట్టిగా ఉండాలి. సబ్సిడీ తీసుకుని తుక్కు ఓడ పంపితే అది సేవ కాదు.

కానీ పోటీ ఆగస్టుకు మాత్రమే సమాధానం చెప్పగలదు. జనవరికి చెప్పలేదు. పదిమంది ఎక్కే లైనులో ఎవరు పోటీకి వస్తారు? "జనం తక్కువ కాబట్టి ట్రిప్పు తగ్గించు" అంటే, ట్రిప్పు తగ్గింది కాబట్టి జనం ఇంకా తగ్గుతారు. మళ్లీ ఇంకొక ట్రిప్పు తగ్గిస్తారు. ఈ వరుసను మేము రైల్వేలో బ్రాంచి లైన్ల మీద కళ్లారా చూసినాం. చివరికి లెక్కల పుస్తకం సరిగ్గా ఉంటుంది, ఊరు మాత్రం ఉండదు.

మన తమిళనాడులోనే ఓడకూ రైలుకూ కలిపి నడిచిన దారి ఒకటి ఉండేది. 1914లో పాంబన్ వంతెన తెరిచిన తరువాత మద్రాసు నుంచి ధనుష్కోడి దాకా రైలు, అక్కడి నుంచి తలైమన్నార్‌కు ఓడ, మళ్లీ కొలంబో దాకా రైలు. బోట్ మెయిల్ అని మన పెద్దలు చెప్పేది దాన్నే. 1964 డిసెంబరులో తుఫాను వచ్చి ధనుష్కోడిని, ఆ రాత్రి అక్కడికి పోతున్న ప్యాసింజరు రైలును కూడా ముంచేసింది. ఆ లైను మళ్లీ వేయలేదు. ఈ రోజు అక్కడ చూసేది కూలిన స్టేషను గోడలు, కూలిన చర్చి గోడలు. తుఫాను చేసిన పనిని మనిషి ఆపలేడు, నిజమే. కానీ దారి తిరిగి వెయ్యని ఊరు తిరిగి లేవదు. అది కూడా నిజమే.

ఇప్పుడు క్రూజ్ ఎందుకు వద్దంటున్నామో అర్థమై ఉంటుంది. క్రూజ్ షిప్పు దీవికి వేల మందిని ఒకేసారి దింపుతుంది, సాయంత్రానికి ఎక్కించుకుని పోతుంది. తిండి షిప్పులో, పడక షిప్పులో. ఊరికి మిగిలేది చాలావరకు రద్దీ. అందుకే 2025 జులై నుంచి, సాంటోరినిలోనూ మైకొనోస్‌లోనూ దిగే క్రూజ్ ప్రయాణికుల దగ్గర, రద్దీ నెలల్లో తలకు 20 యూరోలు వసూలు చేస్తున్నారు. ఫెర్రీలో పోయేవాడు ఆ ఊరిలో పడుకుంటాడు, ఆ ఊరి అంగట్లో కొంటాడు, ఆ ఊరివాళ్ల పక్కన కూర్చుంటాడు. వేసవిలో మనం కట్టే టిక్కెట్టు డబ్బు కూడా ఆ ఓడలు నిలబడడానికి పనికొస్తుంది.

పోవాలనుకునే సభ్యులకు మా సలహాలు ఇవి. షెంగెన్ వీసాకు ముందే అప్లై చేయండి. జులై, ఆగస్టు వద్దు. మే, జూన్ లేదా సెప్టెంబరు మంచిది. ఒక పెద్ద దీవి, దాని పక్కన ఒక చిన్న దీవి పెట్టుకోండి. నాక్సస్, కూఫోనీసియా అయితే మాకు తెలిసిన జోడీ. మాంసం తినని వాళ్లకు నాక్సస్ ఆలుగడ్డలు, ఫావా అనే పప్పు ముద్ద, పెద్ద చిక్కుడు గింజల కూర దొరుకుతాయి, పస్తులుండనక్కర లేదు. అన్నిటికన్నా ముఖ్యం, దీవి నుంచి వచ్చిన రోజే తిరుగు విమానం పెట్టుకోవద్దు. ఏథెన్సులో ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. గాలికి ఓడ ఆగిపోతే డబ్బు వాపసు గానీ వేరే ఓడ గానీ అడిగే హక్కు మనకు ఉంది. పోయిన విమానం మాత్రం తిరిగి రాదు. నడక కష్టమైన వాళ్లు పిరేయస్ నుంచి గంట, గంటన్నరలో చేరే ఎజీనా దీవికి పోయి సాయంత్రం తిరిగి రావచ్చు. పిస్తా పప్పుకు పేరున్న దీవి అది.

చివరగా ఒక మాట. "కొద్దిమంది కోసం ఎందుకు?" అనే ప్రశ్న మనకు కొత్త కాదు. పిల్లలు తక్కువ అని తెలుగు సెక్షన్లు మూతపడడం ఈ రాష్ట్రంలో మనం చూసినాం. మేము కూడా చదివింది తమిళ మీడియమే. తెలుగు అక్షరాలు దిద్దించింది ఇంట్లో అమ్మమ్మ. తరగతిలో ఆరుగురే ఉన్నారని పాఠం ఆపితే, ఏడో పిల్ల ఎక్కడి నుంచి వస్తుంది? మన సంఘంలో ఆదివారం తెలుగు తరగతికి వచ్చేవాళ్లు తగ్గినారు, నెలకొకసారి పెడదాం అని ఇప్పుడు ఒక మాట నడుస్తోంది. మా ఓటు వారం వారం పెట్టాలనే. ఏ రోజు వస్తుందో తెలియని ఓడను నమ్ముకుని ఎవరూ ఆ దీవిలో కాపురం ఉండరు. టైమ్ టేబుల్లో రాసిన ఓడ రాసిన రోజు రావాలి, ఎక్కేది ఒక్కరే అయినా సరే.