పుస్తకానికి జిల్లా ఉందా?

సావనీరుకు ఏదైనా రాయమని సంపాదకులు అడిగినప్పుడు కవితే రాద్దామనుకున్నాను. కాని చాలాకాలంగా మనసులో గుచ్చుకుంటున్న మాటొకటి వుంది. అది వ్యాసంగా చెప్పుకోవలసిందే.

మాది కొల్లేరు లంక గ్రామం. నేను తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో మాకు దగ్గరగా వున్న శాఖా గ్రంథాలయం సరస్సు అవతలి వైపు వుండేది. ఒక సెలవునాడు వెళ్ళి సభ్యత్వం అడిగాను. "మీ ఊరు మా జిల్లాలోది కాదు బాబూ. ఇక్కడే కూచుని చదువుకో, ఇంటికివ్వటం కుదరదు" అన్నారాయన. పాపం, ఆయన మర్యాదగానే చెప్పారు. అప్పుడు కొల్లేరు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య వుండేది. నీళ్ళలో ఆ గీత ఎక్కడుందో చేపకూ తెలియదు, గూడబాతుకూ తెలియదు. పుస్తకానికి మాత్రం తెలుసన్నమాట!

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కైకలూరు, నూజివీడు వైపు ప్రాంతాలు వచ్చి ఏలూరు జిల్లాలో కలిశాయి. పశ్చిమ గోదావరికి భీమవరం ముఖ్యపట్టణమైంది, తాడేపల్లిగూడెం అటు చేరింది. దాంతో అవతలి గట్టు నా జిల్లా అయింది. నేను చదువుకుంటున్న గూడెం పరాయి జిల్లా అయింది. గీత చెరిగిపోలేదు, చోటు మారిందంతే.

మన గ్రంథాలయాల పాలనంతా ఈ జిల్లా గీత మీదే నడుస్తుంది. 1948 నాటి మద్రాసు చట్టాన్నీ, 1955 నాటి హైదరాబాదు చట్టాన్నీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం చేశారు. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ. పంచాయతీలు, మునిసిపాలిటీలు ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసి ఆ సంస్థకు జమకట్టాలి. అంటే పూరింటివాడైనా, మేడవాడైనా పన్ను కట్టిన ప్రతివాడూ గ్రంథాలయానికి యజమానే. ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు?

మరి జిల్లాలు మారినప్పుడు గ్రంథాలయాలను ఏం చెయ్యాలి? మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, పాత సంస్థను ఉమ్మడిగానే వుంచడం. పుస్తకాలు ఒక్కచోట కొనవచ్చు, సిబ్బందిని సర్దుకోవచ్చు. కాని బుట్టాయగూడెం ఏజన్సీ నుంచి నర్సాపురం సముద్రతీరం దాకా వున్న ఊళ్ళ అవసరాలు ఏలూరులో ఒక్క గదిలో కూచున్నవారికి ఎంతవరకు తెలుస్తాయి?

రెండవది, జిల్లాకొకటిగా విడగొట్టడం. ఆఫీసు దగ్గరవుతుంది, నిజమే. కాని పన్ను వచ్చేది ఇళ్ళ మీద. పట్నాలున్న చోట డబ్బుంటుంది, లంకల్లో, ఏజన్సీలో వుండదు. పైగా కొత్త సంస్థ అనగానే ముందు కుర్చీ, తర్వాత కారు, ఆ తర్వాత బోర్డు. పుస్తకం వంతు ఎప్పటికి వస్తుందో!

మూడవది, పంచాయతీలకూ మునిసిపాలిటీలకూ అప్పగించడం. వినడానికి బాగుంది. కాని వసూలైన గ్రంథాలయ పన్ను సంస్థకు చేరక బకాయిపడడం పాత కథే. పన్నే పంపనివారు పుస్తకం కొంటారా?

నా మటుకు నాకు తోచేది ఇది. ఆఫీసులను ఎలాగైనా పంచుకోండి, పుస్తకాలను మాత్రం పంచవద్దు. సభ్యత్వం ఒక్క చోట తీసుకుంటే అన్ని జిల్లాల్లోనూ చెల్లాలి. ఏ పుస్తకం ఎక్కడుందో తెలిపే జాబితా అందరికీ ఒక్కటే వుండాలి. భీమవరంలోని పుస్తకం కావాలంటే మా లంకకు బస్సులో పెట్టెలో రావాలి. పుస్తకాల ఎంపికలో పాఠకులకు, ముఖ్యంగా ఆడవారికీ విద్యార్థులకూ చోటుండాలి. పన్ను ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్న లెక్క ప్రతి గ్రంథాలయం గుమ్మం మీద అంటించాలి. పేద ప్రాంతాలకు ఉమ్మడి నిధి నుంచి వాటా ముందే తీసిపెట్టాలి.

"సెల్‌ఫోన్‌లో అన్నీ దొరుకుతుంటే ఇదంతా ఎందుకోయ్?" అని మా హాస్టలు మిత్రుడొకడు నవ్వాడు. పోటీపరీక్షలకు చదివేవాళ్ళు గ్రంథాలయంలో కుర్చీ కోసం పొద్దున్నే వచ్చి కూర్చోవడం అతను చూడలేదు కాబోలు. ఇంట్లో చదువుకోవడానికి మూల లేనివాడికి ఫోను గది కట్టివ్వదు గదా!

ఇది జరిగే పనేనా అని అనుమానం వద్దు. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. అప్పటికి మనకు గ్రంథాలయ చట్టమే లేదు. అయినా పుస్తకం నీటిమీద ఊరూరికీ వెళ్ళింది. ఇప్పుడు చట్టం వుంది, పన్ను వుంది, రోడ్డు వుంది.

లేనిదల్లా అడిగేవాళ్ళు. యూనియన్ సోదరసోదరీమణులారా, ఫీజుల మీద, మెస్సు బిల్లుల మీద అర్జీలు పెడుతూనే వున్నాం. ఈ ఏడు గ్రంథాలయాల మీద కూడా ఒక అర్జీ పెడదాం. మొదటి సంతకం నాది. కొల్లేరు అవతలి గట్టున పుస్తకం కోసం నిలబడే మరో తొమ్మిదో తరగతి కుర్రాడు వట్టి చేతులతో వెనుదిరగకూడదు.