బల్ల ఉన్నది, జోడీ ఏది?

ఏ ఆటకైనా మూడు కావాలి: చోటు, సాధనం, ఎదుటి ఆటగాడు. కళాశాలలలో క్రీడాభివృద్ధిని గూర్చి ప్రసంగించే పెద్దలు మొదటి రెండింటిని గురించే తరచు మాట్లాడుతారు. మూడవది తనంత తానే సమకూరుతుందని భావిస్తారు. టేబుల్ టెన్నిస్ విషయంలో ఈ భావన సరికాదని మా అభిప్రాయం. కాలక్షేపానికి ఆడేవారికి ఎవరు దొరికినా చాలు. శ్రద్ధతో అభ్యసించదలచిన విద్యార్థికి మాత్రం బల్లకన్న జోడీయే దుర్లభం.

కారణం ఈ ఆట స్వభావంలోనే ఉన్నది. బంతి బరువు 2.7 గ్రాములు. బల్ల పొడవు 2.74 మీటర్లు. ఇంత తేలికైన బంతి ఇంత కొద్ది దూరంలో గిరగిర తిరుగుతూ వచ్చేటప్పుడు, అది ఎటు మళ్లుతుందో ఎదుటివాని మణికట్టు కదలికను బట్టి కనురెప్పపాటులో గ్రహించాలి. ఈ గ్రహింపు పుస్తకంతో రాదు, ఒంటరి సాధనతోను రాదు. బల్లలో ఒక సగాన్ని నిలువుగా ఎత్తి గోడవలె నిలిపి ఆడడం చేతికి మంచి వ్యాయామమే. కాని ఆ గోడ మన బంతినే మనకు తిప్పి పంపుతుంది. దానికి ఎత్తుగడ లేదు. ఎడమచేతివాటం వానితో ఆడనివానికి ఆ కోణం తెలియదు. బల్లకు దూరంగా నిలిచి బంతిని కోసి పంపే రక్షణ ఆటగానితో తలపడనివానికి ఓర్పు అలవడదు.

చరిత్రలో దీనికి ప్రసిద్ధమైన నిదర్శనం ఉన్నది. 1952లో ప్రపంచ పోటీలు మొట్టమొదటిసారిగా ఆసియా ఖండంలో, మన బొంబాయి నగరంలో జరిగినవి. జపాను దేశపు హిరోజి సాతో మందమైన స్పాంజి అతికించిన బ్యాటుతో వచ్చి పురుషుల సింగిల్స్ విజేత అయినాడు. బొడిపెల రబ్బరు చేసే చప్పుడును బట్టి దెబ్బ వేగాన్ని ఊహించడానికి అలవాటుపడిన మేటి ఆటగాళ్లు, చప్పుడు చేయని ఆ బ్యాటు ముందు తికమకపడ్డారు. అట్టి బ్యాటుతో వారు అంతకుముందు ఆడి ఉండకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. ప్రపంచ విజేతలకే ఈ చిక్కు తప్పనప్పుడు, ఏడాది పొడుగునా ఒకే మిత్రునితో ఆడి అంతర కళాశాల పోటీలకు వెళ్లే మన విద్యార్థి మొదటి ఆటలోనే ఓడి రావడంలో వింతేమున్నది?

ఈ ఆటలో పైకి వచ్చినవారిని పరిశీలించినా ఈ మాట రుజువవుతుంది. ఆచంట శరత్ కమల్‌కు బాల్యంలోనే ఆట నేర్పినవారు ఆయన తండ్రి, తండ్రి సోదరుడు. హైదరాబాదుకు చెందిన ఆకుల శ్రీజ తన అక్కను చూచి ఆటలోనికి వచ్చినది. వీరిరువురూ కలసి 2022లో బర్మింగ్‌హాం కామన్వెల్త్ క్రీడలలో మిశ్రమ డబుల్స్ స్వర్ణం గెలిచినారు. వారి ప్రతిభను, శ్రమను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కాని తొలి జోడీ ఇంటిలోనే ఉండడం ఎంతటి భాగ్యమో గమనించాలి. ఆ భాగ్యం లేని విద్యార్థికి కళాశాలయే ఇల్లు కావాలి. నగరాలలో గంటకింత రుసుము పుచ్చుకొనే శిక్షణ కేంద్రాలు ఉన్నవి. బస్సు చార్జీకే లెక్కచూచుకొనే కుటుంబాల పిల్లలకు అవి అందవు.

కళాశాలలలో జరుగుతున్నదేమి? పలుచోట్ల మేము చూచినది ఒక్కటే దృశ్యం. గదికి తాళం, బల్లమీద జవాబుపత్రాల కట్టలు. పోటీలకు పది రోజుల ముందు ఆ కట్టలు దిగుతాయి, పోటీలు కాగానే మరల ఎక్కుతాయి. దీనిని చోటు ఉండడం అనలేము. నియమిత వేళకు తెరచి ఉండేదే చోటు. ఆ వేళకు ఎవరో ఒకరు తప్పక వస్తారన్న నమ్మకం కుదిరినప్పుడే జోడీలు దొరుకుతాయి.

కావున కార్యవర్గం ముందు కొన్ని సూచనలు ఉంచుతున్నాము. ఉదయం తరగతులకు ముందు ఒక గంట, సాయంత్రం ఒక గంట గది తెరవాలి. తాళంచెవి బాధ్యత ఇద్దరు విద్యార్థులకు అప్పగించాలి. గోడమీద నిచ్చెన పట్టిక వ్రాయించాలి. ఎవరైనా తనకన్న ఒకటి రెండు మెట్లు పైనున్నవానిని పోటీకి పిలువవచ్చును. గెలిచినచో ఆ మెట్టు తనదగును. 2001 నుండి ఆట 21 పాయింట్లకు బదులు 11 పాయింట్లకే ముగుస్తున్నది గనుక, ఒకే బల్లమీద ఒక్క సాయంత్రం పలువురికి అవకాశం చిక్కుతుంది. వారానికొక రోజు, పూర్వం రైల్వే, బ్యాంకు ఉద్యోగుల క్లబ్బులలో ఆడి విశ్రాంతి తీసుకొంటున్న పెద్దలను ఆహ్వానించాలి. వారి ఆట మన పిల్లలు ఎరుగని పాఠం.

విద్యార్థినులకు ప్రత్యేకంగా ఒక వేళ, తోడుగా ఒక అధ్యాపకురాలు ఉండాలి. ఇది కొత్త కోరిక కాదు. 1950ల తొలి సంవత్సరాలలో జాతీయ మహిళా విజేతగా నిలిచిన సయీద్ సుల్తానా హైదరాబాదు వనితయే. 1969లో అర్జున పురస్కారం పొందిన మీర్ ఖాసిం అలీ సైతం ఆ నగరం వాడే. అట్టి పరంపర గల చోట మన బాలికలు కిటికీ అవతల నిలిచి చూడవలసిన అవసరం లేదు.

చదువు చెడుతుందని కొందరి భయం. వేళ నియమితమైనచో చెడదు. వేళాపాళా లేని ఆటయే చదువును తింటుంది.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. బాగా ఆడగలవారు కొత్తవారితో ఆడడానికి విముఖులవుతున్నారు. సమయం వృథా అని వారి తలంపు. కొత్తవానికి అందేటట్లు, కోరిన చోటనే పదేపదే బంతిని వేయడం కూడ గొప్ప సాధనే. ఈనాడు తీర్చిదిద్దిన కొత్తవాడే రెండేళ్లకు మీకు గట్టి ప్రత్యర్థి అగును. జోడీని వెదకి తెచ్చుకోవడం కన్న తయారు చేసుకోవడమే సులభం.

తాళంచెవి ఎవరివద్ద ఉండాలన్నది కార్యవర్గం ఒక్క సమావేశంలో తేల్చగల విషయం. నిచ్చెన పట్టికలో అట్టడుగు మెట్టున తన పేరు వ్రాసుకొనే ధైర్యం మాత్రం విద్యార్థులే చూపాలి.