రేషన్ కార్డు: ఇంటర్‌లో చేరగానే సర్కారు అన్నం బంద్.. ఆర్మూర్ విద్యార్థుల చేతికి 6 కిలోల సన్నబియ్యం రావాలంటే?

పదో తరగతి దాకా సర్కారు బడిలో మధ్యాహ్నం అన్నం పెడతారు. ఇంటర్‌లో చేరితే ఆ పళ్లెం ఉండదు. వయసు పెరిగింది, ఆకలి పెరిగింది, సాయం మాత్రం అక్కడే ఆగిపోయింది. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌కు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి చదువుకునే పేదింటి పిల్లలకు ఇక మిగిలిన పెద్ద ఆసరా ఇంట్లోని రేషన్ కార్డే. మరి ఆ కార్డులో విద్యార్థి పేరు ఉందా? ఉన్నా ఈ-కేవైసీ అయ్యిందా? అసలు చిక్కంతా ఇక్కడే.

పసుపు డబ్బు ఏడాదికోసారి.. తిండి ఖర్చు రోజూ

ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్ అంటేనే పసుపు. ఇది ఎనిమిది, తొమ్మిది నెలల పంట. జూన్‌లో విత్తనం పెడితే జనవరి తర్వాతే తవ్వకం. ఆపై ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి. సరుకు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరాకే రైతు చేతిలో డబ్బు పడుతుంది. సరిగ్గా కాలేజీలు తెరిచే జూన్‌లోనే విత్తనానికి, ఎరువులకు ఉన్నదంతా పోతుంది. పిల్లల రూమ్ అద్దె, తిండి ఖర్చు కూడా అప్పుడే మొదలవుతాయి.

2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. అప్పటి నుంచి చర్చంతా మద్దతు ధర, ఎగుమతుల చుట్టూనే తిరుగుతోంది. అదీ అవసరమే. కానీ పసుపు తవ్వే కూలీ, కౌలు రైతు, బీడీలు చుట్టే తల్లి.. వీళ్ల పిల్లలు కాలేజీలో మధ్యాహ్నం ఏం తింటున్నారన్నది ఆ చర్చలో కనిపించదు.

ఎవరికి ఏం అందుతోంది?

సర్కారు హాస్టల్‌లో సీటు దొరికిన వాళ్లకు కొంత నయం. ఇంటర్ నుంచి పీజీ దాకా డైట్ ఛార్జీలను ప్రభుత్వం నెలకు రూ.1,500 నుంచి రూ.2,100కు పెంచింది. అంటే రోజుకు రూ.70. మరి సీటు దొరకని వాళ్లు? రోజూ బస్సులో వచ్చిపోయే వాళ్లు? నలుగురు కలిసి గది తీసుకుని వండుకునే వాళ్లు? వీళ్లకు కాలేజీలో భోజనం లేదు.

ప్రభుత్వ జూనియర్, డిగ్రీ కాలేజీల్లోనూ మధ్యాహ్న భోజనం పెడతామని 2020 జులైలో అప్పటి సీఎం కేసీఆర్ ప్రకటించారు. ఐదేళ్లయినా ఆ మాట పళ్లెం దాకా రాలేదు. పక్కనున్న ఏపీలో మాత్రం 2025 జనవరి 4న డొక్కా సీతమ్మ పేరుతో 475 ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఈ పథకం మొదలైంది.

6 కిలోలు ఎన్ని రోజులకు?

తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్ షాపుల్లో దొడ్డు బియ్యం బదులు సన్నబియ్యం ఇస్తున్నారు. కార్డులో ఉన్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోలు. రోజుకు 400 గ్రాములు వండుకుంటే 15 రోజులకు సరి. బయట కిలో రూ.50 లెక్కన చూసినా రూ.300 మిగిలినట్టే. పూర్తి పరిష్కారం కాదు కానీ, సగం నెల అన్నం గ్యారంటీ. కార్డులో పేరు లేకుంటే ఈ 6 కిలోలు ప్రతి నెలా పోయినట్టే.

వేరే కార్డు రాదు.. పేరే ముఖ్యం

చదువు కోసం గది తీసుకున్నంత మాత్రాన విద్యార్థి వేరే కుటుంబం కాడు. తల్లిదండ్రుల కార్డులోనే పేరు ఉండాలి. అసలు కార్డే లేని కుటుంబమైతే కొత్తదానికి మీసేవలో దరఖాస్తు చేసుకోవచ్చు. పేరు చేర్పించడానికీ అదే దారి. గ్రామాల్లో ఏడాది ఆదాయం రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు దాటకూడదు. భూమి మాగాణి అయితే 3.5 ఎకరాలు, మెట్ట అయితే 7.5 ఎకరాల లోపు ఉండాలి. కొత్త కార్డుల పంపిణీ 2025 జులై 14న తుంగతుర్తి నియోజకవర్గంలో మొదలైంది. ఇది నిరంతర ప్రక్రియ అని సర్కారు చెబుతోంది.

వేలిముద్ర దగ్గర జాగ్రత్త

కార్డులోని ప్రతి ఒక్కరూ ఈ-కేవైసీ చేయించుకోవాలి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల వేలిముద్ర పడుతుంది, పట్నంలో ఉన్న కొడుకుదో కూతురిదో మిగిలిపోతుంది. దానికోసం సొంతూరికే పోనవసరం లేదు, దగ్గర్లోని రేషన్ షాపులో ఈ-పాస్ మిషన్‌పై వేలు పెడితే చాలు. అక్కడా ముద్ర పడకపోతే ఆధార్ చూసుకోవాలి. చిన్నప్పుడు ఇచ్చిన వేలిముద్రలను 15 ఏళ్లు నిండాక మళ్లీ అప్‌డేట్ చేయించాలి. 15 నుంచి 17 ఏళ్ల మధ్య ఇది ఉచితం. అంటే ఇంటర్ వయసులోనే ఈ పని పడుతుంది!

బియ్యం కూడా సొంతూరి షాపులోనే తీసుకోవాలన్న రూలు లేదు. పోర్టబిలిటీ ఉంది కాబట్టి ఆర్మూర్ షాపులోనూ తీసుకోవచ్చు. అయితే కార్డు ఒకటే, కోటా ఒకటే. ఎవరు, ఎక్కడ తీసుకోవాలన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

కాలేజీలు ఏం చేయొచ్చు?

ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఈపాస్‌లో అప్లై చేసేటప్పుడు విద్యార్థులు ఆధార్, ఆదాయ సర్టిఫికెట్ ఎలాగూ తెస్తారు. బీసీ విద్యార్థులకు అక్కడున్న ఆదాయ పరిమితి కూడా రేషన్ కార్డు పరిమితే: గ్రామాల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. అదే కౌంటర్ దగ్గర ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే చాలు. కార్డు ఉందా? నీ పేరుకు ఈ-కేవైసీ అయ్యిందా? అడ్మిషన్ల వారంలో ఒక రేషన్ డీలర్‌ను ఈ-పాస్ మిషన్‌తో కాలేజీకి రప్పిస్తే వేలిముద్రల పని ఒక్కరోజులో తేలిపోతుంది. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

అమెరికాలో ఇది ఇప్పటికే నడుస్తోంది. అక్కడ స్నాప్ అనే ఆహార సాయానికి కాలేజీ విద్యార్థులపై ఆంక్షలు ఎక్కువ. వారానికి 20 గంటల పని లాంటి మినహాయింపు ఏదో ఒకటి చూపాలి. స్టూడెంట్ వీసాపై వెళ్లిన మన పిల్లలకైతే అసలే రాదు. అందుకే కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో దరఖాస్తు నింపడంలో సాయానికి క్యాంపస్‌లోనే కేంద్రాలు పెట్టారు. తెలంగాణలో రూల్స్ అంత కఠినంగా లేవు. అడ్డుపడుతున్నది ఒక పేరు, ఒక వేలిముద్ర. అంతే.

కార్డు స్టేటస్‌ను ఈపీడీఎస్ తెలంగాణ వెబ్‌సైట్‌లోని ఎఫ్‌ఎస్‌సీ సెర్చ్‌లో చూసుకోవచ్చు. ఫిర్యాదులకు టోల్ ఫ్రీ నంబర్ 1967. కాలేజీలో భోజనం ఎప్పుడు మొదలవుతుందో సర్కారు తేల్చాలి. అప్పటిదాకా ఇంటి కార్డులో ఉన్న 6 కిలోలైనా పోగొట్టుకోకుండా చూసుకోవాలి.