కౌబాయ్ కబుర్లు: ఈల ఆగిపోయింది!

గుర్రపు డెక్కల చప్పుడు వినబడితే చాలు, ఈ వయసులో కూడా నా కాలు ఒకచోట నిలవదు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ నటించిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చినప్పుడు నేల టిక్కెట్టులో కూర్చుని, తుపాకి పేలినప్పుడల్లా ఈల వేసిన బాపతు మనిషిని నేను. ఆ తర్వాత ‘మెకన్నాస్ గోల్డ్’, సెర్గియో లియోన్ చిత్రాలు... ఏది దొరికితే అది చూశాను. తెరమీద ఎన్ని వందల శవాలు పడ్డాయో లెక్కలేదు. ఒక్కడి కోసమైనా ‘అయ్యో’ అన్నానా? లేదండీ!

అలాంటి నా చేత ఈల మాన్పించిన బొమ్మ ‘బోన్ టొమహాక్’. 2015లో వచ్చింది. ఎస్. క్రెయిగ్ జాలర్‌కు దర్శకుడిగా అదే తొలి చిత్రం.

కథ మనకు అలవాటైనదే. బ్రైట్ హోప్ అనే చిన్న ఊరు. వైద్యం తెలిసిన సమంతా అనే ఇల్లాలినీ, ఒక డిప్యూటీనీ గుహల్లో బతికే నరమాంస భక్షకులు రాత్రికి రాత్రి ఎత్తుకుపోతారు. వాళ్ళ కోసం నలుగురు బయలుదేరతారు. షెరీఫ్ హంట్ (కర్ట్ రస్సెల్), ముసలి డిప్యూటీ చికొరీ (రిచర్డ్ జెంకిన్స్), తుపాకి గర్వం తలకెక్కిన బ్రూడర్ (మాథ్యూ ఫాక్స్), కాలు విరిగినా భార్య కోసం కుంటుతూ వచ్చే ఆర్థర్ (పాట్రిక్ విల్సన్). 1956లో జాన్ ఫోర్డ్ తీసిన ‘ది సెర్చర్స్’లో జాన్ వేన్ పట్టిన దారే ఇది.

రెండు గంటల పన్నెండు నిమిషాల చిత్రంలో చాలాభాగం నడకే, కబుర్లే. గుర్రాలు దొంగలపాలవుతాయి. ఆర్థర్ కాలు వాచిపోతుంది. స్నానాల తొట్టిలో కూర్చుని పుస్తకం తడవకుండా ఎలా చదవాలని చికొరీ మథనపడతాడు! ‘ఇదేం నత్తనడకరా బాబూ’ అని నేనూ విసుక్కున్నాను. కిటుకు అక్కడే ఉందని తర్వాతగానీ తెలియలేదు. ఆ విసుగులోనే ఈ మనుషులు మన ఇరుగుపొరుగు వాళ్ళయిపోతారు.

ఇక గుహలో జరిగేది రాయడానికి నా కలం ఒప్పుకోదు. ఒక మనిషిని ప్రాణం ఉండగానే, పశువును కోసినట్టు కోస్తారు. అది చూస్తున్న షెరీఫ్ పంజరంలో ఉన్నాడు. మనమూ అంతే!

హాలీవుడ్‌లో 1934 నుంచి 1968 దాకా కఠినమైన నియమావళి ఒకటి రాజ్యమేలింది. అందుకే పాత కౌబాయ్ చిత్రాల్లో గుండు తగిలినవాడు చొక్కా నలగకుండా చచ్చిపోయేవాడు. ఆ కట్టు తెగాక 1969లో శామ్ పెకిన్‌పా ‘ది వైల్డ్ బంచ్’లో నెత్తురు పారించాడు. కానీ స్లో మోషన్‌లో ఆ చావుకీ ఒక సొగసు ఉంది. జాలర్ ఆ సొగసు కూడా ఉంచలేదు. చావు అంటే నొప్పి అని చూపించి ఊరుకున్నాడు.

నాకు నచ్చని సంగతీ చెప్పాలి. ‘ప్రొఫెసర్’ అనే నేటివ్ అమెరికన్ పెద్దమనిషి చేత, ఆ గుహవాసులు మావాళ్ళు కాదని చెప్పించారు. మంచిదే. అయినా నాగరికుడైన తెల్లవాడు, మాట రాని రాక్షసుడు అనే పాత ముద్ర ఆ ఒక్క సన్నివేశంతో చెరిగిపోదు. అభిమానినే గానీ గుడ్డివాణ్ణి కాను కదా!

పిల్లలకు చూపించకండి. భోజనం ముందు మీరూ చూడకండి. కానీ నాలాంటి పాత ఈలగాళ్ళు మాత్రం ఒకసారి చూడాల్సిందే. చిత్రం చివర ఎక్కడో దూరం నుంచి తుపాకి చప్పుళ్ళు వినిపిస్తాయి. కాల్చేది ఎవరో, ఎందుకో చెప్పను. యాభై ఏళ్ళ అలవాటు కొద్దీ రెండు వేళ్ళు పెదాల దాకా వెళ్ళాయి. అక్కడే ఆగిపోయాయి. చప్పుళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నానంతే.