ఇద్దరు భీములు, ఒక కాలియా
(రంగూ కులమూ: 9వ భాగం)



పోయిన భాగం చదివిన ఒక బీటెక్ తమ్ముడు బాగ్ లింగంపల్లిలో, సుందరయ్య విజ్ఞాన కేంద్రం మెట్ల దగ్గర నన్ను ఆపి అడిగాడు: "అన్నా, సినిమా హీరోల రంగు గురించి రాశారు, బాగుంది. మేం హాస్టల్లో చూసేదంతా అనిమే. అందులో కులం ఎక్కడుంది?"

జపాన్ బొమ్మల్లో మన కులం వెతకడం నా ఉద్దేశం కాదు. కానీ మగ పాత్రకి రంగు వేసేటప్పుడు ఏ రంగు ఎవరికి ఇస్తారు, దాని అర్థం ఎవరు తేలుస్తారు అనే ప్రశ్న అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

గోకునే తీసుకోండి. నల్ల జుట్టు కుర్రాడు. సూపర్ సైయన్ అయ్యేసరికి జుట్టు బంగారు రంగు, కళ్ళు నీలిపచ్చ. దీని వెనక పెద్ద తత్వమేమీ లేదు. మాంగా నలుపు తెలుపుల్లో అచ్చవుతుంది. ప్రతి గడిలోనూ ఆ జుట్టంతా నల్ల సిరాతో నింపడం అసిస్టెంటుకి చాకిరీ. ఆ చాకిరీ తగ్గించడానికే జుట్టుని తెల్లగా వదిలేశానని అకిరా తోరియామానే చెప్పాడు. అంతే, సిరా ఖర్చు, టైము మిగిలాయి. కానీ అదే బొమ్మ రంగుల్లో టీవీకెక్కి మన బస్తీ దాకా వచ్చేసరికి, చూసే నల్ల పిల్లాడికి అందేది వేరు: నల్ల జుట్టుతో ఉన్నంతసేపూ మామూలోడు, జుట్టు బంగారమైతేనే గెలిచేవాడు. గీసినవాడి మనసులో ఏమీ లేకపోయినా సరే.

అదే జపాన్‌లో కబుకీ నాటకం ఉంది. అందులో మొహం మీద ఎర్ర గీతలుంటే వీరుడు, నీలం గీతలుంటే దుర్మార్గుడో దయ్యమో. మన దగ్గర నీలం ఒళ్ళు దేవుడిది. నీలానికి సొంత గుణం ఉంటే రెండు చోట్లా ఒకే అర్థం రావాలి కదా!

ఇక మన హైదరాబాద్ సరుకు చూద్దాం. ఛోటా భీమ్ ఈ ఊళ్ళోనే తయారైంది. రాజీవ్ చిలకా సృష్టి, గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్ళది. 2008లో పోగో ఛానల్లో మొదలైంది. హీరో భీమ్‌ది తేటగా ఉండే ఒళ్ళు, నారింజ రంగు ధోవతి. అతని మీద అసూయపడే, చిన్నపిల్లల్ని ఏడిపించే, ప్రతిసారీ ఓడిపోయి నవ్వులపాలయ్యే మొరటోడి ఒళ్ళు అంతకంటే ముదురు రంగు. అది చాలదన్నట్టు వాడి పేరు కాలియా. హిందీలో ఆ మాటకి నల్లోడని అర్థం. రంగుతో చెప్పిందే పేరుతో మళ్ళీ చెప్పారు.

"చిన్నపిల్లల కార్టూన్‌కి ఇంత రాద్ధాంతమా" అంటారు కొందరు. కాలియా అని పిలిపించుకుంటూ బడి పూర్తి చేసిన పిల్లలు ఇప్పుడు నా డిగ్రీ క్లాసులో కూర్చుంటున్నారు. మా తరంలో కర్రోడా అనేవాళ్ళు. మాట మారింది, పిలిచే గొంతు మారలేదు.

తెలుగు చదువుకున్నవాణ్ణి కాబట్టి ఇంకో మాట. శ్యాముడు అంటే నల్లనివాడే. మరి క్యాలెండర్ మీద రాముడూ కృష్ణుడూ నీలం ఎందుకయ్యారు? రంగుల పౌరాణికాల్లో ఎన్టీఆర్ ఒంటికి నీలం ఎందుకు పూశారు? భక్తి అనీ ఆకాశమనీ వ్యాఖ్యానాలు చాలా ఉన్నాయి. నాకు కనిపించేది ఇది: పూజించాల్సిన మగవాడి నలుపుని నీలం అన్నారు, చంపాల్సిన రాక్షసుడి నలుపుని నలుపుగానే ఉంచారు.

ఇవాళ్టి సినిమా ఇంకో దారి కనిపెట్టింది. ఇక్కడికి కూతవేటు దూరంలో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లలో 2021లో 'పుష్ప' ఆడింది. అల్లు అర్జున్ ఒంటికి నలుపు పూసి కూలీని చేశారు. ఆ నటనకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. నటుడి కష్టాన్ని తక్కువ చేయను. కానీ ఆ నలుపు షూటింగ్ కాగానే కడుక్కుంటే పోతుంది. పుట్టుకతోనే ఆ రంగున్న కుర్రాడు ఆడిషన్‌కి వెళ్తే ఏ పాత్ర ఇస్తారో మీకు తెలుసు.

మన పిల్లలకి ఇంకో భీమ్ కూడా తెలుసు. గోడల మీద ఉంటాడు, నీలం కోటులో. బాబాసాహెబ్ ఫొటోలు దాదాపు అన్నీ నలుపు తెలుపువే. ఆ కోటు మీద నీలం పోసింది మన పెయింటర్లు, వాడల్లో సిమెంటు విగ్రహాలు పోసిన మేస్త్రీలు. షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ జెండా రంగుని తెచ్చి నాయకుడి ఒంటికి తొడిగారు. తోరియామా తెల్లగా వదిలేసిన చోట టీవీ వాళ్ళు బంగారం నింపినట్టే, ఇక్కడ నలుపు తెలుపు ఫొటోలో మనవాళ్ళు నీలం నింపారు. మీ అందరి అభిమాన హీరో గోజో సతోరు నీలి కళ్ళు వంశంలో వచ్చినవి, పుట్టుకతో దొరికిన శక్తి. ఈ కోటు నీలం ఎవరికీ పుట్టుకతో రాలేదు. చందాలేసుకుని, కొన్నిచోట్ల దెబ్బలు తిని నిలబెట్టుకున్నది.

2023 ఏప్రిల్ 14న హుస్సేన్ సాగర్ పక్కన ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహం చూసే ఉంటారు. చాలా పెద్దది, సంతోషమే. నీలం మాత్రం లేదు, మొత్తం కంచు రంగు. లోహం కాబట్టి అలా ఉంది, కుట్ర అని నేననను. అయినా మా వీధి చివర విగ్రహానికి ప్రతి ఏప్రిల్‌లో కుర్రాళ్ళు కొత్త పెయింట్ వేస్తుంటే నాకు కలిగే దగ్గరితనం అక్కడ కలగలేదు.

యానిమేషన్ కోర్సుల్లో చేరుతున్న మన పిల్లలకి ఒక పని చెప్తున్నా. ఒక హీరోని గీయండి. ఒళ్ళు నిజంగా నల్లగా ఉండాలి, నీలం అని తప్పించుకోవద్దు. వాడు క్షణంలో బలవంతుడయ్యే సీన్ రాసుకోండి. అప్పుడు వాడి రంగు ఏమవుతుందో, ఏమీ కాదో మీరే తేల్చుకుని బొమ్మ కింద కామెంట్లో పెట్టండి. కాలియాని హీరోగా పెట్టి గీసినా ఒప్పుకుంటాను.

పదో భాగంలో చందమామ రాక్షసుల గురించి.